మరల వెలుగు తార

వేసవి రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో మేడపై నిలిచి చూచువారికి ఆకాశమున నక్షత్రములు వ్రేళ్ళపై లెక్కింపదగినన్నియే కనబడును. దుకాణముల దీపములు, మెట్రో స్టేషను వెలుగులు చిన్న తారలను మ్రింగివేయును. అయినను నడినెత్తిన స్వాతి మాత్రము చక్కగా ప్రకాశించుచుండును. దానికి తూర్పున 'ఉత్తర కిరీటము' అను చిన్న తారాసమూహము కలదు. ఆ కిరీటపు తూర్పుకొన చెంత, మామూలుగా కంటికి కనబడని తార యొకటి యున్నది. అది 1866 మే నెలలో నొకసారి, 1946 ఫిబ్రవరిలో మరియొకసారి హఠాత్తుగా వెలిగెను.

ఇట్టి తారను నోవా యందురు. క్రొత్తది యని దాని యర్థము. ఈ పేరు పొరపాటున పెట్టినదే; అచట క్రొత్తగా పుట్టినదేదియు లేదు. ఉన్నది ఒక ముసలి జంట. అందొకటి శ్వేత కుబ్జతార. సూర్యునికంటె అధికమైన ద్రవ్యము భూమియంత గోళములో ఇమిడియుండుటచే, దానిలో చెంచాడు పదార్థము టన్నులకొలది తూగును. రెండవది ఉబ్బిపోయిన అరుణ మహాతార. ఇవి ఇంచుమించు 227 దినముల కొకమారు ఒకదాని నొకటి చుట్టివచ్చును. అరుణతార పైపొరలలోని హైడ్రోజను వాయువును కుబ్జతార తన ఆకర్షణచే లాగుకొనును. ఆ వాయువు సుడులు తిరుగుచు దిగి, కుబ్జతారపై పేరుకొనును. ఏండ్లు గడచినకొలది ఆ పొర దళసరియగును. అడుగున ఒత్తిడియు వేడిమియు హెచ్చును. తుదకొకనాడు హైడ్రోజను బాంబులో వలె పరమాణు కేంద్రకములు ఒకటితో నొకటి కలిసి, పొర యంతయు ఒక్కుమ్మడి ప్రేలును. వెలుగు సుమారు 1500 రెట్లు పెరిగి ధ్రువ నక్షత్రముతో సమానమగును. కొలది దినములలోనే మరల కంటికి మరుగగును. కుబ్జతార మాత్రము చెక్కుచెదరక, మరల పొర కూర్చుకొన మొదలిడును. ఈ జంట సుమారు 3000 కాంతి సంవత్సరముల దూరమున నున్నది గనుక, 1866లో కనబడిన ప్రేలుడు నిజమునకు మూడువేల ఏండ్ల నాటిది!

జంట తారల పరిశీలనము హైదరాబాదు వారికి క్రొత్త గాదు. 1901లో నవాబు జఫర్ జంగు ఫిసల్‌బండలో నిజామియా వేధశాలను స్థాపించెను; అది పిమ్మట బేగంపేటకు మారెను. ఎల్.బి. నగర్ నుండి నాగార్జునసాగర్ దారిన పోయి ఇబ్రహీంపట్నము దాటినచో జపాల్, రంగాపూర్ గ్రామముల ప్రాంతము వచ్చును. నగర దీపములకు దూరమని ఉస్మానియా విశ్వవిద్యాలయము వారు 1968లో అచట 48 అంగుళముల దూరదర్శినిని నెలకొల్పిరి. ఒకదాని నొకటి గ్రహణమువలె కప్పు జంట తారల వెలుగును కొలుచుట అచట జరిగిన ముఖ్యమైన పరిశోధనలలో నొకటి.

అయినను నోవాను తొలుత పసిగట్టుటకు పెద్ద దూరదర్శిని అక్కరలేదు. ప్రతి రాత్రియు ఆ దిక్కు చూచువాడు కావలెను. అమెరికాలో లెస్లీ పెల్టియర్ ఇరువదియైదేండ్లు ఈ తారను కనిపెట్టియుండెను. 1946 ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండున్నర గంటలకు లేచి, జలుబు చేసినట్లుండుటచే మరల పడుకొనెను. ఆ రాత్రియే తార ప్రేలెను. వేల్సులోని న్యూపోర్టులో పదునైదేండ్ల బాలుడొకడు తండ్రి రాకకై కిటికీ కడ కాచియుండగా దానిని చూచి, ఇంగ్లండు ఆస్థాన ఖగోళజ్ఞునికి లేఖ వ్రాసెను.

2024లో అది మరల ప్రేలునని కొందరు శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఆ యేడు గడచెను, తార ప్రేలలేదు. పొర నిండు దినమును ఖచ్చితముగా చెప్పుట ఎవరికిని సాధ్యము గాదు. అది వెలిగిన రాత్రి మాత్రము ఎల్.బి. నగర్ వీధిదీపముల నడుమ నుండియు, కిరీటము చెంత నిన్న లేని తార యొకటి కనబడును.