మొదట పద్మావతి, తర్వాత అమ్మ: ప్రొద్దుటూరు శాంతకుమారి కథ

కొత్తచెరువు నుంచి మాట్లాడుతున్నాను.

మా అవ్వ చెనిక్కాయలు వొలుస్తా టీవీలో "శ్రీ వేంకటేశ్వర మహత్యం" చూసేది. వకుళమాత తెరమీదికి రాగానే చేతిలో పని ఆగిపోయేది. "ఈయమ్మ మన పక్కామెనే, ప్రొద్దుటూరు" అనేది. నేను పట్టించుకోలేదు. అమ్మ వేషాలేసే ముసలావిడ, అంతే కదా అనుకున్నా. మొన్న ఆవిడ గురించి చదివినాక తెలిసింది, నేనెంత తప్పుగా అనుకున్నానో.

ఆవిడ పేరు శాంతకుమారి. అసలు పేరు వెల్లాల సుబ్బమ్మ. 1920లో కడప జిల్లా ప్రొద్దుటూరులో పుట్టింది. మన ఊరి నుంచి కదిరి, పులివెందుల దాటి పోతే వచ్చే ఊరే. చిన్నప్పుడే పాట, వయొలిన్ నేర్చుకుంది. పదహారేళ్లకు, 1936లో, "శశిరేఖా పరిణయం"లో శశిరేఖ అయ్యింది. ఆ సినిమా డైరెక్టర్ పి.వి.దాస్ పెట్టిన పేరే శాంతకుమారి. అప్పట్లో ఒకరు నటిస్తే ఇంకొకరు వెనక పాడటం లేదు. కెమెరా ముందర నటిస్తానే పాడాల. కాబట్టి ఆమె సంగీతమే ఆమెకు అవకాశం తెచ్చింది. 1937లో "సారంగధర" డైరెక్టర్ పి.పుల్లయ్యను పెళ్లి చేసుకుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. 1939లో పుల్లయ్య తిరుపతి వెంకన్న కథను "బాలాజీ" అనే పేరుతో తీసినాడు. స్వామి వేషం సి.ఎస్.ఆర్.ది. పద్మావతి ఎవరు? శాంతకుమారి. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, 1960లో, అదే పుల్లయ్య అదే కథను మళ్లీ తీసినాడు. ఈసారి స్వామి ఎన్టీఆర్, పద్మావతి సావిత్రి. శాంతకుమారి వకుళమాత, అంటే స్వామికి తల్లి! మా అవ్వ చూసింది ఈ సినిమానే.

లెక్క చూడండి. అప్పటికి ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. కొడుకుగా వేసిన ఎన్టీఆర్‌కు ముప్పై ఆరు. మూడేళ్లే తేడా! ఇంకా ముందు, 1955లో "అర్ధాంగి"లో, నాగేశ్వరరావుకు సవతి తల్లి అయ్యింది. అప్పటికి ఆమెకు ముప్పై ఐదు కూడా అటూ ఇటే.

మరి మగవాళ్ల సంగతి? 1972లో "బడి పంతులు"లో చిన్నపాప శ్రీదేవి ఎన్టీఆర్‌కు మనవరాలు. 1979లో "వేటగాడు"లో అదే శ్రీదేవి ఆయనకు హీరోయిన్. ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. జనం కూడా టిక్కెట్ కొని చూసినారు. కానీ ఒకరికి ముప్పై ఐదుకే తలుపు మూస్తే, ఇంకొకరికి యాభై దాటినా తెరిచే పెట్టినారు.

నాకిది ఊరికే సినిమా కబురు కాదు. నాకు ఇరవై ఆరు. ఏ పెళ్లికి పోయినా "వయసు దాటిపోతాంది పాపా" అంటారు. నాతో చదివిన మగపిల్లోళ్లను ఆ మాట ఎవరూ అనరు.

అయితే శాంతకుమారిని చూసి జాలి పడొద్దు. అమ్మ వేషమని ఆమె తేలిగ్గా తీసుకోలేదు. "అర్ధాంగి"లో కొడుకును గారాబంతో చెడగొట్టుకునే తల్లి. "మహత్యం"లో కొడుకు పెళ్లి కోసమే మళ్లీ జన్మెత్తిన తల్లి. పోయిన జన్మలో ఆమె యశోద, కృష్ణుడి పెళ్లి కళ్లారా చూడలేకపోయింది, ఆ బాకీ ఈ జన్మలో తీరుతుంది. ఒకే మనిషి, రెండు రకాల తల్లులు. పద్మావతిగా ఆమెను చూసినోళ్లు ఈరోజు ఎంతమంది ఉన్నారు? వకుళమాతగా మాత్రం ఇప్పటికీ ఇళ్లల్లో టీవీ ముందర కూర్చోబెడుతుంది.

2006 జనవరిలో ఆమె చనిపోయింది. ఈసారి మీ ఫోన్‌లో ఆ సినిమా కనిపిస్తే దాటేయకండి. వకుళమాత వచ్చినప్పుడు గుర్తు పెట్టుకోండి: ఆ ముసలి అమ్మకు అప్పటికి నలభై కూడా లేవు.

ఉంటాను మరి.