ఓబీడీ-2 కనెక్టరు

ఓబీడీ-2 కనెక్టరు అనగా కారులోని కంప్యూటర్లకు స్కానరు వంటి తనిఖీ పరికరాన్ని కలుపుటకు ఏర్పరచిన 16 పిన్నుల సాకెట్టు. ఓబీడీ అనునది ‘ఆన్-బోర్డ్ డయాగ్నస్టిక్స్’కు సంక్షిప్త రూపం, వాహనం తన లోపాలను తానే గుర్తించుట అని దీని భావం. ‘చెక్ ఇంజన్’ దీపం వెలిగినప్పుడు మెకానిక్కులు లోపపు కోడును దీని ద్వారానే చదువుతారు. సాకెట్టు ఆకారాన్ని, పిన్నుల అమరికను ఎస్‌ఏఈ జే1962 అను ప్రమాణం నిర్దేశిస్తుంది. ఆకారం ఒకటే అయినప్పటికీ పిన్నుల వాడకం అన్ని కార్లలో ఒకే విధంగా ఉండదు.

చరిత్ర

1980వ దశకంలో ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క రకపు కనెక్టరును వాడేవారు. వాయు కాలుష్యాన్ని అదుపు చేయుటకు అమెరికాలోని కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు చూపిన చొరవ ఉమ్మడి ప్రమాణానికి దారితీసింది. అమెరికాలో 1996 మోడలు కార్ల నుండి ఓబీడీ-2 తప్పనిసరి అయినది. భారతదేశంలో ఇది భారత్ స్టేజ్-4 నిబంధనల క్రింద 2013 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది.

పిన్నుల అమరిక

సాకెట్టు సాధారణంగా స్టీరింగు క్రింది భాగంలో ఉంటుంది. వెడల్పు వైపు పైకి ఉండునట్లు చూసినచో పై వరుసలో ఎడమ నుండి కుడికి 1 నుండి 8, క్రింది వరుసలో 9 నుండి 16 పిన్నులు ఉంటాయి.

* 2, 10: జే1850 బస్సు. ఫోర్డు పాత కార్లలో రెండు పిన్నులూ, జనరల్ మోటార్స్ పాత కార్లలో 2వ పిన్ను మాత్రమే వాడేవారు.
* 4: కారు బాడీ ఎర్తు.
* 5: సంకేతాల ఎర్తు.
* 6, 14: క్యాన్ బస్సు, 6 ‘హై’ తీగ, 14 ‘లో’ తీగ. అమెరికాలో 2008 మోడలు నుండి ఇది తప్పనిసరి.
* 7, 15: కే-లైను, ఎల్-లైను. చాలా కార్లలో ఎల్-లైను ఉండదు.
* 16: బ్యాటరీ ధన ధ్రువం.
* 1, 3, 8, 9, 11, 12, 13: వీటి వాడకం తయారీదారు ఇష్టానికి వదలబడినది.

సాకెట్టులో ఏ పిన్నులకు లోహపు రేకులు ఉన్నవో చూసి కారు ఏ పద్ధతిలో సమాచారం పంపుతుందో కొంతవరకు ఊహించవచ్చు.

పరిమితులు

చట్టం తప్పనిసరి చేసినది ప్రధానంగా పొగ కాలుష్యానికి సంబంధించిన సమాచారాన్ని మాత్రమే. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ బ్రేకుల వివరాలను తయారీదారులు తమ సొంత పద్ధతులలో, కొన్నిసార్లు తమకు వదిలిన పిన్నుల ద్వారా అందిస్తారు. అందువలన ఇంజన్ కోడును చదివే చౌక స్కానరు ఎయిర్‌బ్యాగు కోడును చదవలేకపోవచ్చు.

జాగ్రత్తలు

తాళం తీసివేసినా 16వ పిన్నులో విద్యుత్తు ఉంటుంది. కనుక పరికరాన్ని రోజుల తరబడి తగిలించి ఉంచినచో బ్యాటరీ దిగిపోవచ్చు. 16వ పిన్నుకు 4 లేదా 5వ పిన్ను తగిలినచో ఫ్యూజు కాలిపోతుంది. స్కానరు వెలగనప్పుడు ముందుగా 4, 16 పిన్నుల మధ్య సుమారు 12 వోల్టులు ఉన్నవో లేవో మల్టీమీటరుతో చూడవలెను. లేనిచో ఫ్యూజును పరిశీలించాలి. కొన్ని కార్లలో సిగరెట్ లైటరుకు కూడా అదే ఫ్యూజు ఉంటుంది. పెద్ద లారీలలోని 24 వోల్టుల సాకెట్టుకు 12 వోల్టుల పరికరాన్ని కలుపరాదు.