ఎత్తైన చోట పెట్రోలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొలరాడో రాష్ట్రమునకు డెన్వర్ రాజధాని. ఈ నగరము సముద్రమట్టమునకు సుమారు 1,600 మీటర్ల ఎత్తున నున్నది. కొలరాడో కొండ ప్రాంతములలోని పెట్రోలు బంకులలో సాధారణ రకము పెట్రోలుపై 85 అను అంకె కనిపించును. పల్లపు రాష్ట్రములలో ఆ స్థానమున 87 ఉండును. కుటుంబముతో కారులో కొండలకు వచ్చినవారికి సహజముగా సందేహము కలుగును: చవకగా దొరకు ఈ పెట్రోలును పోయించుకొనవచ్చునా? యంత్రమునకు హాని కలుగదా?

ఆ అంకెను ఆక్టేన్ సంఖ్య అందురు. అది పెట్రోలులోని శక్తిని తెలుపునది కాదు. అదుముడుకు గురియైనప్పుడు తనంత తాను అంటుకొనకుండ పెట్రోలు ఎంతవరకు తట్టుకొనగలదో తెలుపునది. ఈ కొలమానములో ఐసో-ఆక్టేన్ అను ద్రవమునకు 100, హెప్టేన్‌కు 0 ఇచ్చినారు. అమెరికాలో రెండు పరీక్షల ఫలితముల సగటును వ్రాయుదురు. భారతదేశములో ఒక పరీక్ష ఫలితమునే వ్రాయుదురు. కావున అక్కడి 87 ఇక్కడి 91కి ఇంచుమించు సమానము.

సైకిలు పంపుతో గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కును. అదిమిన గాలి వేడెక్కుటయే దీనికి ముఖ్య కారణము. కారు యంత్రములో గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమమును పిస్టను అదుమును. పిమ్మట విద్యుత్ రవ్వ దానిని అంటించును. మంట ఒక ప్రక్కనుండి క్రమముగా వ్యాపింపవలెను. మంట చేరకముందే మిగిలిన మిశ్రమము ఒక్కసారిగా అంటుకొన్నచో సుత్తితో కొట్టినట్లు శబ్దము వచ్చును. దీనినే నాకింగు అందురు. ఇది తీవ్రమై చాలకాలము సాగినచో పిస్టను పాడగును.

సముద్రతీరమున గాలి పీడనము 76 సెంటీమీటర్ల పాదరసమునకు సమానము. డెన్వర్‌లో సుమారు 63. వేడి బయటికి పోకుండ గాలిని పదవ వంతు ఘనపరిమాణమునకు అదిమినచో దాని పీడనము సుమారు 25 రెట్లగును. అనగా తీరమున 25 వాతావరణములు, డెన్వర్‌లో సుమారు 21 మాత్రమే. ఉష్ణోగ్రత పెరుగుదల అదుముడు నిష్పత్తిపై ఆధారపడును గనుక ఎత్తు వలన అది మారదు. మిశ్రమము అంతే వేడెక్కును గాని, పీడనము తక్కువగుటచే తనంత తాను అంటుకొనుటకు ఎక్కువ సమయము పట్టును. ఈలోగా మంట దానిని చేరును. ఎత్తైన చోట తక్కువ ఆక్టేన్ చాలుననుటకు ఆధారమిదియే.

అయితే ఈ వాదము కార్బ్యురేటరు గల పాత కార్లకు సరిపోయినంతగా నేటి కార్లకు సరిపోదు. నేటి యంత్రములలో గాలి పరిమాణమును కొలిచి, కంప్యూటరు రవ్వ పుట్టు సమయమును సవరించును. గాలి పలుచనైనప్పుడు రవ్వను ముందుగా పుట్టించి, దొరికిన వెసులుబాటులో కొంత తానే వాడుకొనును. నాకింగు గుర్తించినచో రవ్వను వెనుకకు జరుపును. దీనిచే యంత్రమునకు రక్షణ కలుగును గాని బలము తగ్గును, పెట్రోలు ఖర్చు పెరుగవచ్చును. ఇక టర్బో అమర్చిన కార్లలో గాలిని ముందే అదిమి లోనికి పంపుదురు. కొండపై తగ్గిన పీడనము అక్కడ చాలవరకు తిరిగి వచ్చును, వెసులుబాటు మిగులదు.

అసలు చిక్కు తిరుగు ప్రయాణమున కలుగును. కొండపై నింపిన 85 పెట్రోలుతో కారు తూర్పున కాన్సాస్ మైదానములకు దిగును. టాంకులోని పెట్రోలు మారదు, గాలి చిక్కబడును. నిండు బరువుతో వేగము పెంచినప్పుడు నాకింగు రావచ్చును. అట్టి సమయమున ఆక్సిలరేటరును బలముగా త్రొక్కక నెమ్మదిగా నడుపవలెను. టాంకు సగమైనప్పుడు 91 రకమును నింపినచో మిశ్రమము సుమారు 88 అగును.

కారుతో ఇచ్చిన పుస్తకములో కనీసము 87 అని యున్నచో కొండపైనను దానినే వాడుట మేలు. అంతకు మించిన ఆక్టేన్ కొన్నందున అట్టి కారుకు చెప్పుకోదగిన లాభమును లేదు. బంకులోని అంకె పెట్రోలు గుణమును మాత్రమే చెప్పును. ఆ గుణము చాలునా, చాలదా అనునది యంత్రమును, అది పీల్చు గాలిని బట్టి యుండును.