వేళకాని వేళ వచ్చే డాక్టరు... ఊరికంతా హెచ్చరిక

రాత్రిపూట ఇంటికొచ్చి చూసే వైద్యులు రాసుకునే నాలుగు వివరాలతో ఫ్రాన్స్ తన సీజనల్ జబ్బులను ముందే పసిగడుతోంది. ఒక వేసవి వేల ప్రాణాలు తీసుకెళ్లాక నేర్చుకున్న పాఠమిది.

నవంబరు ఆదివారం రాత్రి ఫ్రాన్స్‌లో ఏ నగరంలోనైనా కనిపించే సంగతే. మూడు నెలల బిడ్డ పాలు తాగదు, డొక్కలెగరేస్తుంటుంది. సోమవారం దాకా క్లినిక్ తెరవరు. తల్లి ఇంటికే వైద్యులను పంపే ‘ఎస్‌ఓఎస్ మెద్‌సాన్’ సేవ నంబరు 3624కి ఫోన్ చేస్తుంది. డాక్టరు ఇంటికొచ్చి, పిల్లికూతలు విని, ఆసుపత్రికి పంపాలో వద్దో తేలుస్తాడు. వెళ్లేముందు ‘బ్రాంకియోలైటిస్’ అని నమోదు చేస్తాడు.

ఈ సేవను 1966లో పారిస్‌లో డాక్టర్ మార్సెల్ లాస్కర్ మొదలుపెట్టారు. సెలవురోజున, అర్ధరాత్రి జబ్బు చేస్తే దిక్కెవరన్న ప్రశ్నకు ఆయన చూపిన దారి అది. అదే సేవ జబ్బుల రాకను కూడా చెప్పగలదని దేశం గ్రహించడానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

2003 ఆగస్టు నేర్పింది

ఆ నెల తొలి పక్షంలో ఫ్రాన్స్ నిప్పుల కొలిమైంది. సెలవుల కాలం కావడంతో చాలామంది డాక్టర్లు ఊళ్లో లేరు. ఒంటరి వృద్ధులు తలుపుల వెనకే కన్నుమూశారు. ఎమర్జెన్సీ వైద్యుడు పాట్రిక్ పెల్లూ టీవీకెక్కి మొత్తుకున్నాకే విషయం బయటపడింది. అదనంగా పోయిన ప్రాణాలు దాదాపు 15 వేలు. ఎమర్జెన్సీ వార్డుల్లో ఆనవాళ్లు ముందే ఉన్నాయి. వాటిని ఏరోజుకారోజు ఒకచోట చేర్చి చూసే ఏర్పాటే లేదు.

2004లో ఆ ఏర్పాటు మొదలైంది. ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలతో పాటు 2006 నుంచి ఎస్‌ఓఎస్ మెద్‌సాన్ వివరాలూ అందులో చేరాయి. పేషెంటు వయసు, ప్రాంతం, పిలిచిన కారణం, తేలిన జబ్బు... పేరు లేకుండా ఇవన్నీ ప్రతిరోజూ జాతీయ ప్రజారోగ్య సంస్థ ‘సాంతే పుబ్లిక్ ఫ్రాన్స్’కు చేరతాయి.

లెక్క చదవడంలోనే ఉంది నేర్పు

ఆదివారం కాల్స్ ఎప్పుడూ ఎక్కువే. క్రిస్మస్ సెలవుల్లో క్లినిక్‌లు మూస్తే ఇంకా పెరుగుతాయి. అంతమాత్రాన జబ్బు పెరిగినట్టు కాదు. అందుకే మొత్తం విజిట్లలో ఫ్లూ లాంటి జ్వరాల వాటా ఎంతో చూస్తారు. గత సంవత్సరాల్లో అదే వారంతో పోలుస్తారు. ఎమర్జెన్సీ లెక్కలు, ల్యాబ్ ఫలితాలు, 1984 నుంచి నడుస్తున్న ‘సాంతినెల్’ ఫ్యామిలీ డాక్టర్ల నివేదికలు కూడా కలిపి చూశాకే ప్రాంతాల వారీగా ప్రమాద స్థాయి ప్రకటిస్తారు.

ఏడాది పొడుగునా ఈ నిఘా ఆగదు. చలికాలం మొదట్లో పసిపిల్లల బ్రాంకియోలైటిస్, ఆ తర్వాత ఫ్లూ, వాంతులు విరేచనాలు, వసంతంలో ఎలర్జీలు, వేసవిలో వడదెబ్బ. 2020 మార్చిలో కోవిడ్ అనుమానిత కేసులకూ ఈ వైద్యులే ప్రత్యేకంగా కోడ్ పెట్టి లెక్క పంపారు. గ్రాఫు పైకి లేస్తోందంటే పిల్లల వార్డులో పడకలు, సిబ్బంది సిద్ధం చేసుకోవడానికి సమయం చిక్కుతుంది. 2023 సెప్టెంబరులో శిశువులకు బ్రాంకియోలైటిస్ నుంచి కాపాడే నిర్సెవిమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టాక దాని ప్రభావాన్ని గమనించడానికీ ఇలాంటి లెక్కలే పనికొచ్చాయి.

మన మాటేమిటి?

మనకూ 2004లోనే సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం వచ్చింది. ఏఎన్ఎంలు, పీహెచ్‌సీలు, ల్యాబులు లెక్కలు పంపుతున్నాయి. కానీ తొలకరి దాటాక ఊళ్లో ఒళ్లు కాలిపోతున్నవాడు అర్ధరాత్రి ముందు తట్టేది ఆర్‌ఎంపీ తలుపో, నర్సింగ్‌హోమ్ గేటో. అక్కడ రాసేది మందుల చీటీ ఒక్కటే. జ్వరం ఊరంతా పాకి, మంచాలు నిండి, పత్రికల్లో ‘విషజ్వరాలు’ అని పడ్డాకే ఫాగింగ్ యంత్రం వస్తోంది.

ఈ వరస మారాలి. 2005 నుంచి 108కి వస్తున్న కాల్స్ ఉన్నాయి, రాత్రి ఓపీ రిజిస్టర్లున్నాయి. వయసు, ఊరు, లక్షణం... ఈ మూడూ పేరు లేకుండా తెల్లారేసరికి జిల్లా వైద్యాధికారి బల్ల మీదికి చేరితే చాలు. దోమల మందు కొట్టాల్సిన వీధి ఏదో, క్లోరిన్ కలపాల్సిన ట్యాంకు ఏదో రెండో ఇంట్లో జ్వరం రాకముందే వెతుక్కోవచ్చు.