ఎవరి తలలు? ఎవరి సీట్లు?

అమెరికా అనే కొత్త దేశానికి ప్రభుత్వం కట్టాలని 1787 వేసవిలో 12 రాష్ట్రాల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో తలుపులు మూసుకుని కూర్చున్నారు. జనాన్ని బట్టి సీట్లు ఇవ్వాలంది వర్జీనియా. చిన్నదైనా పెద్దదైనా రాష్ట్రానికి ఒక్క ఓటేనంది న్యూజెర్సీ. మమ్మల్ని తొక్కాలని చూస్తే చేయందించే విదేశాలు మాకున్నాయని డెలావేర్ ప్రతినిధి గన్నింగ్ బెడ్‌ఫర్డ్ హెచ్చరించేదాకా వెళ్లింది గొడవ. దిగువ సభలో జనాభా లెక్క, సెనేట్‌లో సమాన వాటా అంటూ కనెక్టికట్ చూపిన మధ్యేమార్గం జులై 16న గట్టెక్కింది. అయిదు రాష్ట్రాలు అవునన్నాయి, నాలుగు కాదన్నాయి, మసాచుసెట్స్ ప్రతినిధులు సగం సగంగా చీలిపోయారు. చరిత్ర దీన్ని మహా రాజీ అంటుంది. నేను చూడమనేది అదే తీర్మానంలో ఒదిగిపోయిన రెండో రాజీని.

సీట్ల లెక్కలో బానిసల్ని అయిదింట మూడు వంతులుగా కలపాలన్నది ఆ రెండో రాజీ. మనిషిని భిన్నంగా కుదించారన్న కోపం న్యాయమైనదే. అయితే భిన్నం దగ్గరే ఆగిపోతే అసలు అన్యాయం కంటపడదు. బానిసల్ని పూర్తిగా లెక్కించమని పట్టుబట్టింది దక్షిణ కరోలినా ప్రతినిధులే. ఎందుకో 1790 జనగణన చెబుతుంది. అప్పుడు వర్జీనియాలో స్వేచ్ఛగా ఉన్నవారు 4,54,983 మంది, పెన్సిల్వేనియాలో 4,30,636 మంది. తేడా పాతిక వేలు కూడా లేదు. కానీ వర్జీనియాలో 2,92,627 మంది బానిసలున్నారు. 33 వేల మందికి ఒక సీటు చొప్పున పంచితే పెన్సిల్వేనియాకు 13, వర్జీనియాకు 19 వచ్చాయి. ఆ ఆరు సీట్లూ బానిసల తలల మీద యజమానులకు దక్కినవి.

ఈ రాజీ లేకపోతే దేశమే ఏర్పడేది కాదంటారు. కొట్టిపారేయదగ్గ వాదన కాదిది. మూడు వంతులైనా లెక్కించకపోతే తమ రాష్ట్రం చేరదని ఉత్తర కరోలినా ప్రతినిధి విలియం డేవీ తేల్చి చెప్పాడు. అయినా బేరం కుదరడం వేరు, దాని ఖరీదు ఎవరు కట్టారన్నది వేరు. కట్టినవారికి ఆ గదిలో మాట లేదు, బయట ఓటు లేదు. ఆ నిబంధన రాజ్యాంగం నుంచి పోవడానికి అంతర్యుద్ధం జరగాల్సి వచ్చింది, 1868లో 14వ సవరణ రావాల్సి వచ్చింది. సెనేట్ సమానత్వానికైతే ఏ రాష్ట్రం వాటానైనా ఆ రాష్ట్రమే ఒప్పుకుంటే తప్ప తగ్గించలేని తాళం వేశారు. అందుకే 2020 లెక్కల్లో 3.95 కోట్ల జనమున్న కాలిఫోర్నియాకూ, 5.77 లక్షల వయోమింగ్‌కూ ఇద్దరేసి సెనేటర్లు.

మన లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17 సీట్లన్న వాటా కూడా 1971 నాటి తలల లెక్కే. 1976లో 42వ సవరణ దాన్ని స్తంభింపజేసింది. 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించింది 84వ సవరణ. ఆ తర్వాత కొత్త లెక్కతో సీట్లు పంచాల్సి వస్తే, జనాభాను అదుపు చేసినందుకు వాటా కోస్తారా అన్న దక్షిణాది ప్రశ్నా, నా ఓటుకు విలువ తక్కువెందుకన్న ఉత్తరాది ఓటరు ప్రశ్నా రెండూ న్యాయమైనవే. ఇక్కడ ఇరుపక్షాలకూ ఓటుంది, మాటుంది. కాబట్టి ఎంపీలకు ఒకటే విన్నపం: ఎవరికెన్ని సీట్లు పెరుగుతాయో, ఎవరి వాటా ఎంత తగ్గుతుందో అంకెలన్నీ ముందుగా జనం ముందు పెట్టండి. మళ్లీ ఎప్పుడు లెక్క చూసుకోవాలో ఆ గడువు కూడా అందుకోసం తెచ్చే సవరణలోనే రాయండి.