సాసు సీసాలో గంజి

అన్నం వార్చితే గంజి వస్తుంది. గంజి చిక్కగా ఉంటుంది. బియ్యంలోని పిండిపదార్థం నీళ్లలో నాని, వేడికి ఉబ్బుతుంది. అందుకే ఆ చిక్కదనం. ఈ పిండిపదార్థాన్నే స్టార్చి అంటారు. మొక్కజొన్నలో, బంగాళాదుంపలో, కర్రపెండలంలో కూడా ఇది ఉంటుంది. పెద్దాపురం, సామర్లకోట ప్రాంతంలో కర్రపెండలం పిండితోనే సగ్గుబియ్యం చేస్తారు.

హైదరాబాదు హైటెక్ సిటీలో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ రూపు మారిపోయింది. కంప్యూటర్ ఉద్యోగులు వచ్చారు. మేస్త్రీలు, కూలీలు, వాచ్‌మెన్లు, ఊడ్చి తుడిచే పనివాళ్లు కూడా వచ్చారు. రాత్రీ పగలూ డ్యూటీలే. వండుకునే తీరిక తక్కువ. సాసు, సూపు పొడి, నూడుల్స్, మయోనైజు అందరి తిండిలోకీ వచ్చాయి. వీటిలో కొన్నింటిలో మార్పు చేసిన స్టార్చి ఉంటుంది.

పిండిని ఎందుకు మార్చాలి?

గంజిని రాత్రంతా ఉంచితే పైన నీరు తేరుతుంది. పులుపు వేసి బాగా మరిగిస్తే పలచబడుతుంది. మరి సాసు పుల్లగా ఉంటుంది. నెలల తరబడి సీసాలో ఉండాలి. మామూలు పిండి దీనికి తట్టుకోదు. అందుకని ఫ్యాక్టరీలో పిండిని ఆమ్లంతోనో, అనుమతి ఉన్న రసాయనాలతోనో కొద్ది మోతాదులో మారుస్తారు. అప్పుడు చిక్కదనం నిలుస్తుంది. ఇది విత్తనాల జన్యువులను మార్చడం కాదు.

తింటే ప్రమాదమా?

యూరప్ ఆహార భద్రతా సంస్థ 12 రకాల మార్పు చేసిన స్టార్చిలను పరిశీలించింది. ఇప్పుడు వాడుతున్న మోతాదులో వీటితో భయం లేదని 2017లో చెప్పింది.

అయితే అనుమతి లేనివి కలిపితే సంగతి వేరు. 2013లో తైవాన్ దేశంలో అదే జరిగింది. ఆహారానికి అనుమతి లేని మలెయిక్ ఆన్‌హైడ్రైడ్ అనే రసాయనంతో మార్చిన పిండి బయటపడింది. నూడుల్స్ లాంటి సరుకులను దుకాణాల నుంచి తీసేయాల్సి వచ్చింది.

ఇంకో సంగతి ఉంది. మార్చినా పిండి పిండే. ఒంట్లోకి పోయాక చాలావరకు చక్కెరగా మారుతుంది. షుగరు జబ్బు ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. సాసు చిక్కగా ఉంటే టమాటాలు ఎక్కువ ఉన్నట్టు కాదు. సూపు చిక్కగా ఉంటే బలమైనదని కాదు. పిల్లలకు పప్పు, గుడ్డు, ఆకుకూర ఇచ్చే బలం పిండి ఇవ్వదు. ప్యాకెట్ మీది వివరాలు చదివి కొనమని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది.

ప్యాకెట్ మీద ఏం చూడాలి?

సరుకుల పేర్లు వరుసగా ఉంటాయి. ఏది ఎక్కువ కలిపారో అది ముందు ఉంటుంది. ఐ.ఎన్.ఎస్. 1422, 1442 లాంటి అంకెలు కనిపిస్తే అది మార్పు చేసిన స్టార్చి. 14 అంకెల లైసెన్సు నంబరు ఉందో లేదో చూడాలి. తయారైన తేదీ చూడాలి. పేరూ ఊరూ లేని డబ్బాలో సాసు ఉంటే అందులో ఏముందో ఎవరికీ తెలియదు.

చదువు వచ్చిన చెయ్యి సంతకంతో ఆగకూడదు. కొనే ముందు ప్యాకెట్‌ను తిప్పి చూడాలి.

చేసి చూడండి: ఇంట్లో ఉన్న ఒక ప్యాకెట్ తీసుకోండి. మొదటి మూడు సరుకుల పేర్లు చదివి, పలక మీద రాయండి.