గుడి మార్చినా ఆట మారకపోతే?

ఏళ్ల తరబడి వస్తున్న సాహస వీడియో గేముల్లో ఏ భాగం గొప్పదన్న వాదన మొదలైతే, అభిమానులు ముందు చూసేది హంగామానే. కొండ అంచున రైలు పెట్టె వేలాడే సన్నివేశం ఉందని ‘అన్‌ఛార్టెడ్’ రెండో భాగానికి (2009) పట్టం కడతారు. ఆ కొలత ఎప్పుడూ కొత్త యంత్రాల పక్షమే. ఎంచుకున్న చోటు కథకు ఎంత అవసరమన్నదే సరైన కొలత. 1998 నాటి ‘టూంబ్ రైడర్’ మూడో భాగం మన దేశంలోనే మొదలవుతుంది. అడవి, కోతులు, పులులు, పాడుబడ్డ గుడి అన్నీ ఉన్నాయి. ఆరు చేతుల శివుడి విగ్రహాలు లేచి కత్తులతో నాయిక లారా క్రాఫ్ట్ మీద పడతాయి. ఆ గుడిని ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో ఆటకు పట్టదు. దాని స్థానంలో పిరమిడ్ పెట్టినా కథకు లోటు రాదు.

2017లో వచ్చిన ‘అన్‌ఛార్టెడ్: ద లాస్ట్ లెగసీ’ అలా కాదు. పడమటి కనుమల్లో, హొయసల శిథిలాల మధ్య గణేశుడి దంతం కోసం వేట అది. నాయిక క్లోయి తండ్రి భారతీయుడు, ఆ దంతం జాడ వెతికినవాడే. పరశురాముడు విసిరిన గొడ్డలి తన తండ్రి శివుడిచ్చినదని గుర్తుపట్టి వినాయకుడు దంతం పోగొట్టుకున్న కథను ఆటలో ఆమే చెబుతుంది. తండ్రి మీద గౌరవంతో దంతం వదులుకున్న కొడుకు కథ లేకుంటే, తండ్రి వదిలిన పని పట్టుకున్న ఈ కూతురి వేటకు బలమే లేదు.

‘అన్‌ఛార్టెడ్’ నాలుగో భాగానికి అనుబంధంగా మొదలైన చిన్న ఆటకు ఇంత పొగడ్తా అనొచ్చు. చిన్నదే, అందుకే సాగదీత తక్కువ. అసలైన అభ్యంతరం మరొకటుంది. కాకతీయులు, హొయసలులు ఇద్దరూ ఒకప్పుడు కల్యాణి చాళుక్యుల సామంతులే, కాబట్టి ఇద్దరి శిల్పాన్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి మదనిక శిల్పాలనూ, హొయసలుల బేలూరు గుడి మదనికలనూ చూసినవారికి ఆ శిల్పుల గొప్పతనం నగల పూసల దాకా చెక్కిన నగిషీలో ఉందని తెలుసు. ఆటలోనేమో కొండలంత విగ్రహాలు! రామప్పను చూసిన కుర్రాళ్లు ఈ తేడాను ఇట్టే పట్టేస్తారు. విమర్శ న్యాయమే. ఆట చరిత్ర పాఠం కాదని కొట్టిపారేయడం కూడా తేలిక సమాధానమే. అయితే ఇక్కడ తప్పిందల్లా శిల్పాల పరిమాణం. కథలోని చిక్కుముడి మాత్రం ఆ నేల పురాణంలోంచే పుట్టింది. ‘టూంబ్ రైడర్’ మూడో భాగంలో ఆ పుట్టుకే లేదు. అందులోని దూకుళ్ల కష్టానికి ఎన్ని మార్కులైనా వేయొచ్చు, గుడికి మాత్రం సున్నా. అన్‌ఛార్టెడ్ వరుసలో మొదటి స్థానం ‘లాస్ట్ లెగసీ’దే.